ఇంట్లో ఇంగ్లీషే

"గుడ్ మార్నింగ్ సర్. ఐ యామ్ ఫ్రమ్ లాండ్రీ," అని పొయ్యి మీది పాలగిన్నెతో చెప్పింది ఆమె. పాలు ఏమీ అనలేదు. పొంగొస్తుంటే మంట తగ్గించి మళ్ళీ మొదటినుంచి అందుకుంది. "సర్" అన్నచోట కొంచెం నవ్వాలని నేర్పారు. నవ్వితే తర్వాతి మాట ఎగిరిపోతోంది. నవ్వకపోతే మొహం పంటినొప్పితో వచ్చినదానిలా ఉంటోంది. రెండింట్లో ఏది నయమో ఆమెకు ఇంకా తేలలేదు.

వంటగది గుమ్మం పక్కన చెక్క కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పొడుగాటి చేతులు, పలచబడ్డ జుట్టు, ఎప్పుడూ ఎవరినో ఆటపట్టించబోతున్నట్టు ఓ పక్కకి వంగిన మూతి. ఆమె లేపితే తప్ప లేవనివాడు ఈ పూట ఆమెకంటే ముందే లేచాడు. కుడిచేత్తో ఎడమ భుజం మెల్లగా నొక్కుకుంటున్నాడు. రాత్రంతా అటే తిరిగి పడుకుని ఉంటాడనుకుంది ఆమె. అంతకు మించి అనుకోవడానికి బుర్రలో చోటు లేదు. అక్కడ రెండు నిమిషాల ఇంగ్లీషు కూరి పెట్టుకుంది.

ఆమె ఒక పెద్ద హోటల్లో లాండ్రీ ఇంచార్జి. పెళ్ళయిన కొత్తలో తడినేల మీద నిలబడి దుప్పట్లు జాడించే పనికి చేరింది. తర్వాత మెషీన్లు వచ్చాయి. మెషీన్లలో బట్టలు వేసి తీసి, రోలర్ దగ్గర ఇస్త్రీ పట్టి, మడతల బల్ల దగ్గర కొన్నేళ్ళు నిలబడి, చివరికి తలుపు దగ్గరి చిన్న టేబులుకి వచ్చి పడింది. ఆ టేబులుకి ఒక కుర్చీ ఉంది. మోకాళ్ళు అరిగిపోయిన ఆడమనిషికి కుర్చీ అంటే ఏమిటో, రోజంతా నిలబడి పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. బ్లీచింగు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లగా ఉంటాయి. ముంజేతుల మీద రోలర్ కాల్చిన మచ్చలు గాజులకి పోటీగా వరసన ఉంటాయి.

ఈ కొత్త సంవత్సరానికి హోటలుకి కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే పొద్దుటి మీటింగు ఇంగ్లీషులోకి మార్చాడు. వంటవాళ్ళ పెద్ద, గేటు సెక్యూరిటీ పెద్ద, తోటమాలి, లాండ్రీ, ఎవరైనా సరే, వరస వచ్చిన రోజున లేచి తమ సెక్షను గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పలేనివాళ్ళు పాత పనికి వెళ్ళాలి. ఆమె పాత పనంటే తడినేలే. ఈ రోజు ఆమె వరస.

వీళ్ళకి నేర్పడానికి ఒక ట్రైనింగమ్మాయిని పెట్టారు. మంచి పిల్ల. చక్కగా నవ్వుతూ, తప్పు చెప్పినా "సూపర్" అనేది. మొదటి క్లాసులోనే, "భాష క్లాసులో రాదండీ, ఇంట్లో వస్తుంది. ఇంటికెళ్ళాక కూడా ఇంగ్లీషే మాట్లాడండి," అంది. ఆ మాట ఆమె ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"అయితే రేపటినుంచి ఇంట్లో ఇంగ్లీషే. మన మాట ఎవరి నోట వినపడితే ఆ పూట అంట్లు వాళ్ళవే," అన్నాడు.

"మీరా? మీ నోరు మీ మాట వింటుందా?"

"నాకు ఇంగ్లీషు రాదనుకున్నావేంటి? అన్నేళ్ళు బస్సు ఏ భాషలో నడిచిందనుకున్నావ్?"

నిజంగానే ఆయన ఇంగ్లీషు మొత్తం బస్సులోదే. మొదటి నాలుగు రోజులూ ఇల్లు నవ్వులతో అదిరిపోయింది. కడుపు నిండితే "బస్ ఫుల్" అనేవాడు. ఆమె స్నానాల గదిలో ఆలస్యం చేస్తే తలుపు మీద కొట్టి "నెక్స్ట్ స్టాప్, ప్లీజ్ గెట్ డౌన్" అని అరిచేవాడు. మధ్యలో కావాలనే మన మాట ఒకటి జార్చి, నాలిక కరుచుకుని, చేతులు పైకి మడిచి అంట్లగిన్నెల ముందు నిలబడేవాడు. రోజంతా నీళ్ళలో నానిన ఆమె చేతులకి ఆ పూట సెలవు. ఆమెకా కిటుకు మొదటి రోజే తెలిసిపోయింది. తెలియనట్టు ఊరుకుంది.

తర్వాత ఆమెకి భయం పట్టుకుంది. సెక్యూరిటీ పెద్ద నోట్లో కూడా ఇంగ్లీషు తిరుగుతోంది, ఆమె నోట్లో తిరగడంలేదు. "ఇక ఆటలొద్దు. నిజంగా మాట్లాడదాం," అంది ఒక సాయంత్రం, కళ్ళనీళ్ళతో. ఆయన ఆ కళ్ళనీళ్ళు చూశాడు. మర్నాటినుంచి ఒక్క మాట జార్చలేదు. కానీ కండక్టరు ఇంగ్లీషు ఎన్నాళ్ళు వస్తుంది? వారం తిరక్కుండా సరుకు అయిపోయింది.

అంతకుముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. పిల్లల్లేని ఆ రెండు గదుల్లో సందడంతా ఆయన నోటిదే. కూర తరుగుతూ, చొక్కా గుండీ పెట్టుకుంటూ, నిద్ర పడుతుండగా, ఎప్పుడూ ఏదో ఒక కబురు. బస్సులో ఎక్కిన ప్రతి మనిషీ ఆయన కడుపులో భద్రంగా ఉన్నాడు. ఒకామె నిలువుటద్దం బీరువా బస్సెక్కించిందట. దాన్ని నడవలో నిలబెడితే, దిగేవరకూ బస్సులో మగాళ్ళందరూ తల దువ్వుకుంటూనే ఉన్నారట. ఆ కథ చెప్పినప్పుడల్లా అద్దం కాస్త పెరిగేది. "పోయినసారి మీ భుజం దాకా అన్నారు," అని ఆమె నిలదీస్తే, "అప్పటినుంచి ఎదగదా మరి?" అనేవాడు. ఆమె మాట్లాడే మనిషి కాదు. వినే మనిషి. రోజంతా మెషీన్ల మోత విన్న చెవులకి ఆ గొంతు పడితేగాని ఆమెకి ఇంటికొచ్చినట్టుండేది కాదు.

ఇప్పుడు భోజనం దగ్గర "గుడ్?" అంటే "గుడ్." "వాటర్?" అంటే "థాంక్యూ." ముక్కూమొహం తెలియని ఇద్దరు ఒకే టేబులు దగ్గర ఇరుక్కున్నట్టు తినేసి లేచేవాళ్ళు. ఆయన ఒక్కోసారి ఏదో గుర్తొచ్చి నోరు తెరిచి, ఆమె వైపు చూసి, మూసుకునేవాడు. ఆమెకి బెంగగానే ఉండేది. ఎన్నాళ్ళులే, తన వరస అయిపోతే మళ్ళీ మామూలే అని సర్దుకునేది.

పాలు దింపి టీ కలిపి ఆయన చేతికిచ్చింది. ఆయన అందుకుని పక్కన పెట్టాడు.

"ఏమే," అన్నాడు. ఇన్ని వారాల తర్వాత ఆ పిలుపు ఆ ఇంట్లో వినపడటం అదే మొదలు. "రాత్రి నుంచి ఎందుకో ఈ భుజం..."

ఆమె అప్పుడే "వుయ్ వాష్ ఆల్ రూమ్స్" దగ్గరుంది. ఆ వాక్యం తెగిపోతే మళ్ళీ గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. వెనక్కి తిరక్కుండానే చూపుడువేలు పైకెత్తింది. ట్రైనింగమ్మాయి క్లాసులో ఎత్తినట్టే.

"ఇంగ్లీష్ ప్లీజ్."

నొప్పి అన్న మాట ఇంగ్లీషులో ఆయనకి తెలియక కాదు. బస్సులో ఎన్నిసార్లు విన్నాడో. ఆ ఎత్తిన వేలు చూసి ఆగాడు.

"నథింగ్," అన్నాడు. "నో ప్రాబ్లమ్. యూ గో."

ఆమె చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, బ్యాగు భుజాన వేసుకుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆమె జడ చివర అంటుకున్న దారప్పోగు ఒకటి తీసేశాడు. ఏదైనా అంటాడని ఒక క్షణం నిలబడింది. ఆయన చెయ్యి ఊపాడంతే.

మెట్ల కింద దర్జీ కొట్టు షట్టరు సగం లేచి ఉంది. దర్జీ దాని కిందనుంచి తల బయటపెట్టి, "ఈ రోజేనటగా అక్కా పరీక్ష! గట్టిగా చెప్పెయ్," అన్నాడు. వీడికెలా తెలిసిందబ్బా అనుకుంటూనే బస్సు కోసం పరిగెత్తింది.

హోటలు అడుగు అంతస్తులో లాండ్రీ. పై అంతస్తుల నుంచి గొట్టంలో జారి పడ్డ దుప్పట్లు గోడవారన గుట్టగా ఉన్నాయి. ఆమె స్నేహితురాలు, రోలర్ దగ్గర పనిచేసే పొడుగామె, అప్పటికే ఆవిర్లలో చెమటోడుతోంది. "భయమేస్తోందా?" అని అడిగింది. "అడక్కు, మర్చిపోతాను," అంది ఆమె. వచ్చిన ఇంగ్లీషంతా వదిలేసి, ఒక దిండు గలీబు మీది లిప్‌స్టిక్ మరక చూసుకుంటూ కూర్చుంది. దాన్ని ముందు చల్లనీళ్ళ తొట్టిలోకి, టీ మరకల టేబుల్‌క్లాత్ సబ్బు తొట్టిలోకి, చిరిగిన తువ్వాళ్ళు తుడుపుగుడ్డల సంచిలోకి. ఇవన్నీ ఇంగ్లీషులో ఏమంటారో ఎవరికి కావాలి అని ఒళ్ళు మండింది. మళ్ళీ కుర్చీ వైపు చూసుకుని మండటం మానేసింది.

మీటింగు పైన, కార్పెట్ పరిచిన గదిలో. ఆ గదిలోకి ఆమె టేబుల్‌క్లాత్‌లు రోజూ వెళ్తాయి గాని ఆమె వెళ్ళింది తక్కువ. ముందు సెక్యూరిటీ పెద్ద లేచి, "సర్, గేట్ సేఫ్. నైట్ సేఫ్. పార్కింగ్ సేఫ్," అని, ఇంకా టైమ్ మిగిలిపోతే, "ఎవ్రీబడీ సేఫ్ సర్," అని కూర్చున్నాడు. తర్వాత ఆమె.

లేచింది. నవ్వింది. నవ్వినా మాట ఎగిరిపోలేదు. దుప్పట్లు, తువ్వాళ్ళు, ఎన్ని గదులు, ఎప్పటికి సిద్ధం, అన్నీ వరసగా వచ్చేశాయి. చివరి వాక్యం దాటాక తనకే నమ్మకం కుదరలేదు. మేనేజరు తలూపి, కాగితాల్లోంచి తల ఎత్తి, అనుకోని ప్రశ్న ఒకటి వేశాడు. బాగా ప్రాక్టీసు చేసినట్టున్నావు, ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నావు అని.

ఇది పాలగిన్నెతో చెప్పిన పాఠంలో లేదు. అందరూ చూస్తున్నారు.

"మై హస్బెండ్ సర్," అంది. "బస్ కండక్టర్. బిగ్ టాకింగ్ మ్యాన్ సర్. ఆల్వేస్ టాకింగ్, టాకింగ్. నౌ ఓన్లీ ఇంగ్లీష్..." మాట కోసం వెతుక్కుంది. "నౌ, నో టాకింగ్."

గదంతా ఘొల్లుమంది. మేనేజరు కూడా నవ్వి, "వెరీ గుడ్. యూ కంటిన్యూ," అన్నాడు. ఆమె కూడా నవ్వుతూ కూర్చుంది. ఉద్యోగం నిలబడింది, కుర్చీ నిలబడింది.

లిఫ్టులో కిందికి దిగుతుంటే ఆ నవ్వు జారిపోయింది. తను ఏమన్నదో అప్పుడు వినపడింది. ఇన్ని రోజులూ లోపల బెంగగా మూలుగుతున్నది అదేనని, అందరి ముందూ పరాయి భాషలో అన్నాక గాని తెలియలేదు. ఆయన మాట్లాడటం లేదు. ఆమె కోసం ఆ మనిషి నోరు కట్టేసుకున్నాడు. పొద్దున్న ఏదో చెప్పబోయాడు కూడా. భుజమనో ఏదో. తనేం చేసింది? వేలెత్తింది.

పొడుగామె కౌగిలించుకుంది, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె లాకర్లోంచి ఫోను తీసి ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. స్నానానికి వెళ్ళి ఉంటాడు. భోజనాలయ్యాక మళ్ళీ చేసింది. మోగింది, ఎత్తలేదు. కొట్టుకెళ్ళి ఉంటాడు, ఫోను మంచం మీద పడేసి వెళ్ళే అలవాటే కదా అనుకుంది. అనుకుంటూనే టేబులు దగ్గర కుదురుగా కూర్చోలేకపోయింది. అంత కష్టపడి నిలబెట్టుకున్న కుర్చీలో ఆ మధ్యాహ్నం పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దారంతా ఏం చెయ్యాలో అనుకుంటూనే ఉంది. వెళ్ళగానే రూలు రద్దు. టీ పెట్టి, కాళ్ళు చాపుకుని, కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ చెప్పమంటుంది. ఆ బీరువా కథ కూడా మొదటినుంచి. అద్దం ఈసారి ఎంత పెరిగినా అడ్డం రాదు. భుజానికి ఏమైందో కూడా అడగాలి. రేపు సెలవు పెట్టయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అలా అనుకున్నాక మనసు కొంచెం తేలికపడింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. గదిలో ఇంకా లైటు వెయ్యలేదు. ఆయన కుర్చీలోనే ఉన్నాడు, తల గోడకి ఆనించి, ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతూ.

"ఏమండీ, అయిపోయింది! బాగా చెప్పానట. ఇక ఇంగ్లీషు లేదు, గింగ్లీషు లేదు. మాట్లాడండి," అంది చెప్పులు విప్పుతూ.

ఆయన పలకలేదు. బెట్టు చేస్తున్నాడనుకుంది. ఆయనకి అలాంటివి బాగా చేతనవును. వారాల తరబడి తన నోరు మూయించినందుకు ఈ పూట కాస్త ఏడిపిస్తాడు, ఏడిపించనీ. ఆమెకి నవ్వొచ్చింది. దగ్గరికెళ్ళి, ట్రైనింగమ్మాయి గొంతు పెట్టి, "ఓకే సర్. ఐ యామ్ హోమ్. హౌ ఆర్ యూ?" అంది.

వేలాడుతున్న చెయ్యి పట్టుకుంది. వేడి వేడి దుప్పట్లు ముట్టుకుని ముట్టుకుని ఆమె చేతులకి వేడి, చల్లన ఇట్టే తెలుస్తాయి. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఆమె అరిచిన అరుపు కింది దాకా వినపడింది. దర్జీ మెట్లెక్కి వచ్చాడు. వీధి చివరి డాక్టరు వచ్చాడు. పక్క వాటాల వాళ్ళు వచ్చి లైటు వేశారు. ఆయన్ని మంచం మీదికి చేర్చారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి, తీసి, గుండె ఆగిపోయిందమ్మా, చాలాసేపయింది, నిద్రలోనే అయి ఉంటుంది అన్నాడు.

"పొద్దున్న ఏమైనా బాధగా ఉందని చెప్పారా?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

"చెప్పబోయారు," అంది. "నేను చెప్పనివ్వలేదు."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. అయినవాళ్ళు పోయినప్పుడు మనుషులు ఏదేదో అంటారని ఊరుకున్నాడు. దర్జీకి మాత్రం అర్థమయింది. అతను గోడవారన నిలబడి, మెడలోని కొలతల టేపు చివర వేలికి చుట్టి విప్పుతూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"నువ్వు అటెళ్ళగానే రోజూ నా కొట్టుకొచ్చేవాడక్కా. వచ్చి కూచుని, ఒకటే కబుర్లు. నిన్న సాయంత్రం నుంచి ఆపుకున్నాన్రా, విను, అనేవాడు. నేను కుట్టుకుంటూ వినేవాణ్ణి. ఈ రోజూ వచ్చాడు. భుజం లాగుతోంది అన్నాడు. డాక్టరు దగ్గరికి పోదాం పద అంటే వినలా. దానికి ఈ రోజు పరీక్ష, ఇప్పుడు తెలిస్తే అన్నీ వదిలేసి వచ్చేస్తుంది, సాయంత్రం వచ్చాక నేనే చెప్తాలే అన్నాడు. నేనైనా నీకు ఫోను చెయ్యాల్సింది, పడుకున్నాడులే అనుకుని పైకొచ్చి చూడలా. నాకు బుద్ధి లేదు."

అతన్ని అనడానికి ఆమెకి మాత్రం ఏం నోరు మిగిలింది? కానీ దుఃఖం మధ్యలో, సిగ్గులేకుండా, ఒక కుళ్ళు కూడా లేచింది. ఇన్ని వారాల ఆయన్ని ఈ దర్జీ దక్కించుకున్నాడు. నవ్వులన్నీ, కొత్త కబుర్లన్నీ ఇతని కుట్టుమిషను చప్పుడులో పోయాయి. ఆమెకి దక్కినవి గుడ్, వాటర్, థాంక్యూ.

మంచం పక్కన నేల మీద కూలబడింది. ఆయన చెవి దగ్గరికి వంగి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎన్నడూ లేనిది, ఆ మాట్లాడని మనిషి ఆపకుండా మాట్లాడింది. మీటింగులో సెక్యూరిటీ పెద్ద ఏమన్నాడో, మేనేజరు ఏమడిగాడో, అందరూ ఎలా నవ్వారో, లిఫ్టులో తనకెలా అనిపించిందో, అన్నీ తమ భాషలోనే. "మీరు చెప్పండి ఇక, నేను వింటాను," అంది చివరికి. గదిలో ఉన్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె నిజంగానే కాసేపు విన్నది.

బంధువులకి కబుర్లు వెళ్ళాయి. వాళ్ళు రావడానికి ఇంకా టైముంది. ఎవరో ఆమె చేతికి నీళ్ళ గ్లాసు ఇస్తే అక్కడే పెట్టి లేచింది. గాలికోసం వెళ్తోందనుకుని ఎవరూ అడ్డం రాలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. దర్జీ కంగారుగా వెనకే వచ్చాడు.

"ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగింది.

దర్జీ లైటు వేసి, మిషను పక్కనున్న చిన్న బల్ల చూపించాడు. ఆమె దాని మీద కూర్చుంది. కత్తిరించిన గుడ్డముక్కలు కాళ్ళకి తగిలాయి. అక్కడినుంచి చూస్తే వీధీ, బస్సు ఆగే చోటూ కనపడుతున్నాయి. ఆమె పొద్దున్న ఎక్కే చోటు, సాయంత్రం దిగే చోటు.

"టీ తెప్పించానక్కా," అన్నాడు దర్జీ గుమ్మంలోనే నిలబడి. "సగం తాగి, ఒళ్ళంతా చెమట పడుతోందిరా, కాసేపు పడుకుని వస్తాను, మూత పెట్టి ఉంచు, కబురు సగంలో ఉంది అన్నాడు."

కుట్టుమిషను పలక మీద, కుట్టాల్సిన బట్టల పక్కన, సాసరు మూత పెట్టిన గాజు గ్లాసులో సగం టీ మీగడ కట్టి అలాగే ఉంది.